వైన్ గుంపులో చేరాను, 'పుల్లగా ఉంది' అన్నాను, అందరూ నవ్వారు

కొత్తగ్లాసు_33
కొండాపూర్‌లో మా ఆఫీసు వాళ్లు ఏడెనిమిది మంది నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని వైన్ రుచి చూస్తారు. సీసాలకి బ్రౌన్ పేపరు చుట్టి, పేరు కనబడకుండా పోస్తారు. తాగాక ఒక్కొక్కరూ ఏం వాసన వచ్చిందో, ఏం రుచి తగిలిందో చెప్పాలి. మొన్న శనివారం నన్నూ పిలిచారు. అంతకుముందు నా అనుభవమంతా రెండు రిసెప్షన్లు, ఒక గోవా ట్రిప్పు.

నా పక్కనాయన గ్లాసు మూడుసార్లు గిరగిరా తిప్పి, అందులో ముక్కు పెట్టి, "కాసిస్, సెడార్, కొంచెం గ్రాఫైట్" అన్నాడు. ఇంకో ఆవిడ "టొబాకో లీఫ్" అంది. నా వంతు వచ్చింది. "పుల్లగా ఉందండీ, తర్వాత నోరు పట్టేసినట్టుంది" అన్నాను. నవ్వారు. ఎగతాళిగా కాదు, కానీ నవ్వారు. చెవులు వేడెక్కాయి. మిగతా నాలుగు సీసాలకీ "నాకూ అదే అనిపించింది" అని తప్పించుకున్నాను.

వచ్చే నెల సీసా తెచ్చే వంతు నాది. షరతు ఏంటంటే భారతీయ రెడ్ అయ్యుండాలి, రెండు వేలు దాటకూడదు. ఏం కొనాలి? ఇంకోటి, కాసిస్ అంటే బ్లాక్‌కరెంట్ అట. దాన్ని నేను ఐస్‌క్రీము డబ్బా మీద బొమ్మలో తప్ప చూడలేదు. చూడని పండు వాసన ఎలా చెప్పాలి?

దోమలగూడ_సుబ్బు
మన దగ్గర వీధికో 'వైన్స్' బోర్డు ఉంటుంది. లోపలికెళ్లి వైన్ ఉందా అని అడిగి చూడండి, కౌంటర్లో కుర్రాడు మనల్ని పైనుంచి కిందకి చూస్తాడు. ఆ షాపులో దుమ్ము పట్టే సరుకు అదొక్కటే.

శాకాహారి_శాస్త్రి
కవిత్వంలో ద్రాక్షాపాకం అంటే నోట్లో వేసుకోగానే రసం ఊరాలి. నీకు మొదటిరోజే నారికేళపాకం తగిలినట్టుంది. పీచు తియ్యి, టెంక కొట్టు, అప్పుడు నీళ్లు.

నాసిక్_నాయుడు
నేను నాసిక్ దగ్గర ద్రాక్షతోటల పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. మీరు చెప్పింది తప్పేం కాదు. నిజానికి రెండు వేర్వేరు సంగతులు సరైన వరసలో చెప్పారు, మీకే తెలియలేదు. ముందు పులుపు. తర్వాత 'నోరు పట్టేసింది' అన్నారే, దానికి వైన్ వాళ్లు టానిన్ అని రసాయనం పేరు చెప్తారు. మనకి ఉగాది పచ్చడిలోనే పేరుంది. వగరు.

ఇంట్లో చేసి చూడండి. ఒక గ్లాసులో నిమ్మకాయ నీళ్లు, ఉప్పూ చక్కెరా లేకుండా. ఇంకో గ్లాసులో పాలు లేని టీ, పది నిమిషాలు మరిగించి చల్లార్చింది. నిమ్మనీళ్లు పుక్కిలించి మింగితే బుగ్గల లోపల నీళ్లూరతాయి. అది పులుపు. టీ మింగితే చిగుళ్లు ఎండిపోయి, నాలుక గరుకుగా అంటుకుంటుంది. పచ్చి అరటికాయ కొరికినట్టు. అది వగరు. ఏ రెడ్ తాగినా నీళ్లూరాయా, ఎండిందా అని ఈ రెండూ చూసుకోండి. సగం పని అయిపోయింది.

ఆ వగరు ఎక్కడి నుంచి వస్తుందంటే తొక్క నుంచి, గింజ నుంచి. చాలా నల్ల ద్రాక్షల రసం పిండితే తెల్లగానే ఉంటుంది. తొక్కలతో కలిపి నానబెడితేనే ఆ ఎరుపు దిగుతుంది. రంగుతో పాటు వగరూ దిగుతుంది. వైట్ వైన్‌కి రసం పిండి తొక్క తీసేస్తారు కాబట్టి వగరు దాదాపు ఉండదు, పులుపే ముందుకొస్తుంది.

కొత్తగ్లాసు_33
నాయుడు గారూ, ఇప్పుడే టీతో చేశాను. మా ఆవిడ "మళ్లీ కడుపులో బాగోలేదా" అని అడిగింది. కానీ తేడా తెలిసింది. అయితే మన మార్కెట్లో దొరికే ద్రాక్షతో చేస్తే వగరు రాదా?

నాసిక్_నాయుడు
తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. తినేది పెద్దగా, పలచటి తొక్కతో, వీలైతే గింజ లేకుండా ఉండాలి. మీ హైదరాబాద్ అనాబ్‌-ఎ-షాహీ చూడండి, ఒక్కో పండు గోలీకాయంత. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క దళసరి, గింజలు నిండుగా. కోసేనాటికి తీపి ఇరవైరెండు, ఇరవైనాలుగు బ్రిక్స్ (చక్కెర కొలత) ఉంటుంది, నోట్లో వేసుకుంటే బెల్లం ముక్కే. ఆ తీపంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది.

ఇంకో విశేషం. ఫ్రాన్సులో తీగ చలికాలం నిద్రపోతుంది. మన దగ్గర నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, ఏప్రిల్లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు-అక్టోబరులో ఒకసారి. కోత జనవరి నుంచి మార్చి దాకా. వాళ్లు సెప్టెంబరులో కోస్తుంటే మేం అప్పుడు కత్తెర పట్టుకుని తీగల మధ్య ఉంటాం.

కల్లుగీత_మనవడు
మాది నల్గొండ దిక్కు. మా తాత మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ ఇరవై చెట్లు ఎక్కేవాడు. పొద్దున దించిన లొట్టి, సాయంత్రం దించిన లొట్టి కళ్లు మూసుకుని తాగినా చెప్పేవాడు. ఏ చెట్టు కల్లో కూడా చెప్పేవాడు. తాటిచెట్లల్లనే పోద్దాడు వేరు, పరుపుదాడు వేరు, పండుతాడు వేరు, ఈతకల్లు మొత్తానికే వేరు. చెరువుగట్టు మీది చెట్టుదైతే ఒక తీరు, చెలకలదైతే ఒక తీరు. నేలని బట్టి రుచి మారుడుకు వైనోళ్లు చెప్పే 'టెర్వార్' అనే మాట ఆయనకి తెలవదు. ఎవరూ నవ్వలేదు.

నువ్వు కాసిస్ జోలికి పోకు అన్నా. నీ ముక్కుకి ఏం తెలిస్తే అదే చెప్పు.

లివర్మోర్_లత
పైన చెప్పింది వినడానికి బాగుంది కానీ నేను ఒప్పుకోను. ఎవరికి తోచిన మాట వాళ్లు చెప్పుకుంటే పది మంది కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకు? నేను మొదట్లో ఇక్కడ కాలిఫోర్నియా టేస్టింగ్ రూముల్లో "మా అమ్మమ్మ బీరువా వాసన" అని చెప్పేదాన్ని. నాకు అర్థమయ్యేది, ఇంకెవరికీ కాలేదు. అందులో ఉన్నది కర్పూరమా, చెక్కా, పాత పట్టుచీరా? అది తేల్చుకోవాలి కదా.

డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆన్ నోబుల్ అనే ఆవిడ 1984లో ఒక అరోమా వీల్ తయారుచేసింది. బండిచక్రంలా గీసిన పట్టిక. మధ్యలో పండు, మసాలా, చెక్క, మట్టి లాంటి పెద్ద పేర్లు, అంచుల్లో అసలు పేర్లు. ముందు పండా కాదా తేల్చుకో, పండైతే నిమ్మజాతా బెర్రీయా ఎండుపండా, ఆ తర్వాత ఏ పండు. మధ్యలోంచి అంచుకి నడవడమే. నాకు దాంతోనే నోరు పెగిలింది.

కల్లుగీత_మనవడు
ఆ చక్రంలో నేరేడు ఉందా లతక్కా?

లివర్మోర్_లత
లేదు. 😀 సరే, ఒక పాయింట్ నీకు. కానీ ఒకటి గమనించు. ఆవిడ ఆ చక్రంలో 'ఎలిగెంట్', 'గొప్ప' లాంటి మాటలు పెట్టలేదు. వాసన చూసి చెప్పగలిగిన వస్తువులే పెట్టింది. నేరేడు కూడా వస్తువే. అంచున ఇంకో గడి గీసుకుంటే పోయేది.

ల్యాబ్_కోటు
కాసిస్ ప్రశ్నకి నా జవాబు. క్యాబర్నే అనే నల్లద్రాక్ష వైన్ తాగి నేరేడు అనడం నూటికి నూరు కరెక్ట్ కాదు, అలాగని దూరమూ కాదు. నేరేడులో పులుపు, వగరు, ఆ ముదురు ఊదారంగు పండు వాసన మూడూ ఉన్నాయి. నేను మందుల కంపెనీలో క్రొమటోగ్రఫీ, అంటే కలిసున్న పదార్థాలని విడదీసి చూసే పని, చేస్తాను కాబట్టి వైన్ మాటలు ఊహలే అనుకునేదాన్ని. కొన్ని అక్షరాలా నిజం. క్యాబర్నేలో వచ్చే పచ్చి క్యాప్సికం వాసనకి కారణం క్యాప్సికంలో ఉండే పైరజిన్ అణువే. ఓక్ పీపాలో ఉంచితే వనిలా వాసన వచ్చేది చెక్కలోంచి దిగే వనిలిన్ వల్ల. షిరాజ్ అనే ఇంకో నల్లద్రాక్ష వైన్‌లో మిరియాల ఘాటు రొటుండోన్ అనే పదార్థం, మిరియాల్లో ఉన్నది కూడా అదే.

తమాషా ఏంటంటే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ రొటుండోన్ వాసన అసలు తెలియదు. కాబట్టి పక్కనాయన 'పెప్పర్' అన్నప్పుడు మీకు రాకపోతే తప్పు మీ చదువుది కాకపోవచ్చు, మీ ముక్కుది.

దోమలగూడ_సుబ్బు
అంతా బోగస్ అండీ. ఫ్రాన్సులో ఎవరో వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే నిపుణులంతా చెర్రీ, దానిమ్మ అని రాశారట. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అంటారు. ఇక్కడ అటుకులే ఎద్దుని మోసం చేశాయి.

ల్యాబ్_కోటు
సుబ్బు గారూ, సగం విని చెప్పకండి. బోర్డో యూనివర్సిటీలో జరిగింది, 2001లో అచ్చయింది. 54 మంది, వైన్ తయారీ చదువుకునే విద్యార్థులు, పేరు మోసిన నిపుణులు కాదు. వైట్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపితే వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలు రాశారు. దీనర్థం వైన్ బోగస్ అని కాదు. కన్ను ముందే తీర్పు చెప్పేస్తే ముక్కు దాని వెనక నడుస్తుందని. పసుపురంగు సోడా ఇచ్చి నారింజ అంటే మీరూ నమ్ముతారు. అందుకే వాళ్లు సీసాకి పేపరు చుడుతున్నారు.

దోమలగూడ_సుబ్బు
నేను సోడా గోలీదే తాగుతాను. రంగుండదు.

బెంగళూరు_రాయలసీమ
ఏం కొనాలో ఎవరూ చెప్పట్లేదు. నేను చెప్తా. నంది కొండల దగ్గర గ్రోవర్ వాళ్లది లా రిజర్వ్, క్యాబర్నే, షిరాజ్ కలిపింది. 1988లో మొదలైన తోట. మన దేశంలో రెడ్ అంటే చాలామందికి మొదటి గౌరవం దానితోనే కలిగింది. సూలా వాళ్ల రాసా షిరాజ్ కూడా బాగుంటుంది. ఫ్రటెల్లీది సాంజియొవేసే, షోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు తోటలు. ఇటలీ ద్రాక్ష కాబట్టి గుంపులో ఎవరూ ఊహించరు.

మనవాళ్ల పేరు చెప్పుకోవాలంటే కృష్మా ఎస్టేట్స్. హంపి కొండల ప్రాంతంలో తోట. పెట్టింది హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. ఇద్దరి పేర్లూ కలిపితే సీసా మీది పేరు. ధర మీ షరతులో ఇముడుతుందో లేదో షాపులో చూసుకోండి, రాష్ట్రానికో పన్ను.

కొత్తగ్లాసు_33
తెలుగువాళ్ల వైన్ ఉందని మా గుంపులో ఎవరూ అనలేదు! అదే తీసుకెళ్తా.

నాసిక్_నాయుడు
ఒక్క మాట. షాపులో సీసా నిలబెట్టి, ట్యూబ్‌లైటు కింద, ఏసీ లేకుండా ఎన్నాళ్లుందో చూసుకోండి. తోట ఎంత మంచిదైనా ఏప్రిల్ నుంచి జూన్ దాకా షట్టర్ వేసిన షాపులో ఉడికితే అది వైన్ కాదు, కషాయం. సరుకు గబగబా కదిలే షాపులో కొనండి.

అల్వాల్_ఆంటీ
ఉడకడం గురించి నన్నడగండి. మా తమ్ముడు ఒక రెడ్ సీసా ఇచ్చాడు. "వైన్ ఎంత పాతదైతే అంత మంచిది" అని మా వారు దాన్ని వంటింటి పై అలమరలో, సరిగ్గా పొయ్యి పైన, దాచారు. ఎనిమిదేళ్లు. ప్రతి దసరాకీ దించి దుమ్ము తుడిచి మళ్లీ పెట్టడం. అమ్మాయి పెళ్లి కుదిరినరోజు తెరిచాం. కార్కు పొడిపొడిగా రాలింది. రంగు కాఫీ డికాక్షన్. వాసన చూస్తే ఊరగాయ జాడీ అడుగున మిగిలిన నూనె. వియ్యంకుడు మర్యాదకి ఒక గుక్క తాగి "స్ట్రాంగుగా ఉంది వదినగారూ" అన్నాడు. పాపం.

లివర్మోర్_లత
ఆంటీ, మీ వియ్యంకుడు దేవుడు. దుకాణాల్లో దొరికే వైన్‌లో చాలామటుకు రెండు మూడేళ్లలో తాగేయడానికే చేస్తారు. దశాబ్దాలు దాచదగ్గవి వేరే, వాటికీ చల్లటి, చీకటి గది కావాలి.

గుంటూరు_ఘాటు
అసలు సంగతికి రండి. మీ గుంపులో నంజుకోవడానికి ఏం పెడతారు?

కొత్తగ్లాసు_33
చీజు, బిస్కెట్లు. పోయినసారి ఎవరో మిర్చి బజ్జీలు తెచ్చారు.

గుంటూరు_ఘాటు
అయితే నోరు పట్టేయదా మరి! కారం తిన్న నాలుక మీద వగరు పడితే రెట్టింపు గరుకు, ఆల్కహాల్ పడితే రెట్టింపు మంట. నేనొకసారి నాటుకోడి పులుసులో పద్నాలుగున్నర శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్ తాగాను. పులుసు మా అత్తగారు చేసింది, అంటే గుంటూరు మిరపకాయకి ఎక్కడా మొహమాటం లేదు. రెండో గుక్కకి కళ్లలో నీళ్లు. రుచి వెతుక్కునే స్థితి లేదు, మజ్జిగ వెతుక్కున్నాను.

మన కారానికి కాస్త తీపి మిగిలిన, బాగా చల్లబెట్టిన వైట్ పడుతుంది. చెనిన్ బ్లాంక్‌లో కొద్దిగా తియ్యగా చేసేవి ఉన్నాయి, రీస్లింగ్‌లోనూ ఉన్నాయి. గోంగూరకి మాత్రం దానంత పుల్లటిది కావాలి, సావిన్యాన్ బ్లాంక్. పుల్లటి కూరలో మెత్తటి వైన్ తాగితే నీళ్లలా చప్పగా తేలిపోతుంది. ఎర్రది తాగాలని పట్టుదలైతే కారం తక్కువ వేసిన మటన్ వేపుడు. కొవ్వు, మాంసకృత్తులు వగరుని పట్టుకుని మింగేస్తాయి, వైన్ నున్నబడుతుంది.

శాకాహారి_శాస్త్రి
మాంసకృత్తులంటే గుర్తొచ్చింది. వైన్ శాకాహారమేనా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను.

దోమలగూడ_సుబ్బు
శాస్త్రి గారికి తాగడంలో ఇబ్బంది లేదు, చేపతోనే ఇబ్బంది.

నాసిక్_నాయుడు
నవ్వాల్సిన ప్రశ్న కాదు. ద్రాక్ష, ఈస్టు వరకూ శాకాహారమే. చివర్లో మడ్డి తేటపడటానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల కేసీన్, చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు. అవి మడ్డిని పట్టుకుని అడుక్కి దిగిపోతాయి, తేట పైన ఉంటుంది. మట్టితో చేసే వాళ్లూ ఉన్నారు, బెంటొనైట్ అంటారు. సీసా మీద 'వీగన్' అని గానీ శాకాహారమని గానీ రాసుందేమో చూసుకోండి.

శాకాహారి_శాస్త్రి
చిల్లగింజతో నీళ్లు తేర్చినట్టన్నమాట. అర్థమైంది.

వాల్తేరు_వనజ
సీసా తెరిచాక రెస్టారెంట్లో ముందు కొంచెం పోసి ఆగుతారు చూశారా, అది 'మీకు నచ్చిందా' అని అడగడానికి కాదు. చెడిపోలేదు కదా అని చూసుకోమని. నేను దీన్ని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను, ఎందుకంటే ప్రతిసారీ ఆ గుక్క మా ఆయనకి పోస్తారు. ఆయన తాగేది సోడా. సీసా ఆర్డరిచ్చింది నేను. ఆయన పెద్దమనిషిలా వాసన చూసి తలూపుతాడు.

కిందటేడాది నేనే గ్లాసు లాక్కున్నాను. పండు వాసన అసలు లేదు. వానకి తడిసి గోదాములో పడున్న అట్టపెట్టె వాసన. కార్క్ చెడింది అని చెప్పాను. ఆ అబ్బాయి మేనేజరుని పిలిచాడు, మేనేజరు వాసన చూశాడు, ఏం మాట్లాడకుండా ఇంకో సీసా తెచ్చాడు. మా ఆయన ఆ రాత్రంతా నన్ను కొత్తగా చూశాడు.

ల్యాబ్_కోటు
దాన్నే టీసీఏ అంటారు, ట్రైక్లోరోఅనిసోల్. లీటరులో నానోగ్రాముల లెక్కలో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఒంటికి హాని లేదు, వైన్‌కే హాని. మన దేశంలో చాలా సీసాలకి మరమూతే కాబట్టి ఈ బాధ తక్కువ. మరమూత ఉంటే చవక సరుకని మీ గుంపులో ఎవరైనా అంటే వాళ్లకిది చెప్పండి.

కొత్తగ్లాసు_33
ఇంకో సిగ్గుమాలిన ప్రశ్న. వాళ్లు కొందరు తాగకుండా ఒక స్టీలు గిన్నెలో ఉమ్మేస్తున్నారు. నేనూ ఉమ్మాలా? రెండు వేలు పెట్టి కొని ఉమ్మేయడమంటే మనసొప్పట్లేదు.

అల్వాల్_ఆంటీ
మా అమ్మ ఉంటే ఆ గిన్నె ఎవరు కడుగుతారని అడిగేది.

లివర్మోర్_లత
లెక్క చూసుకో. సీసా 750 మిల్లీలీటర్లు. మామూలుగా తాగేది 150, అంటే ఐదు గ్లాసులు. రుచికైతే 50 చాలు. ఐదు సీసాలు రుచి చూస్తే 250 అవుతుంది, దాదాపు రెండు గ్లాసులు. మూడో సీసా దాకా మింగుతూ పోతే నాలుగోది ఏదైనా అద్భుతంగానే ఉంటుంది. ఇక్కడి నాపా వైన్ లోయలో ఒకరోజు ఉమ్మకుండా నాలుగు చోట్లకి తిరిగాం. ఆఖరి చోట పెట్టెడు సీసాలు కొన్నాను. ఇంటికొచ్చి తెరిస్తే అదేం వైనో నాకే తెలియదు.

వేదిక_కాపలా
ఇంటికి బండి నడుపుకుంటూ వెళ్లేవాళ్లయితే ఉమ్మినా నడపొద్దు, క్యాబ్ బుక్ చేసుకోండి. 21 నిండనివాళ్లు ఈ చర్చ చదివి నిమ్మనీళ్ల ప్రయోగం దగ్గర ఆగిపోండి. సుబ్బు గారూ, మీరు తొలగించమన్న పోస్టు తొలగించాను, ఎందుకు రాశారో మాత్రం అడగను.

మంగళగిరి_మొదటివరస
నాకు గోవా పోర్టే ఇష్టం. తియ్యగా ఉంటుంది, రెండు వందల్లో వచ్చేది. దీన్ని చెప్తే ఇలాంటి గుంపుల్లో ముఖం చిట్లిస్తారు. అందుకే నేను చేరలేదు.

లివర్మోర్_లత
అసలు పోర్ట్ పోర్చుగల్‌లో డోరో లోయది. పులుస్తుండగానే మధ్యలో ద్రాక్ష బ్రాందీ పోసి ఆపేస్తారు, అందుకే తీపి మిగులుతుంది, ఆల్కహాల్ ఇరవై శాతం దాకా ఉంటుంది. మీరు తాగేది వేరే సరుకు, పేరొక్కటే.

మంగళగిరి_మొదటివరస
చూశారా. ముఖం చిట్లించారు.

లివర్మోర్_లత
అయ్యో, నేను సమాచారం చెప్పాను! తీపి నచ్చితే తీపే తాగండి. నేను కూడా మొదటి రెండేళ్లు మస్కాటే తాగాను, ఎవరికీ చెప్పకండి.

కల్లుగీత_మనవడు
మొదటివరస అన్నా, నువ్వు చేరు. నువ్వుంటే కొత్తగ్లాసుకి ధైర్యం వస్తది.

నాసిక్_నాయుడు
కొత్తగ్లాసు గారికి ఆఖరి మాట. రెడ్ 'రూమ్ టెంపరేచర్'లో తాగాలంటారు. ఆ రూమ్ చలిదేశపు రాతి ఇల్లు, 16 నుంచి 18 డిగ్రీలు. కొండాపూర్ ఫ్లాటు హాలు కాదు. పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వెచ్చటి రెడ్‌లో స్పిరిట్ వాసన పైకి కొడుతుంది, పండు అడుగున పడుతుంది. గ్లాసు మూడో వంతుకి మించి నింపకండి, తిప్పడానికి చోటుండాలి. స్టీలు గ్లాసు వద్దు.

కొత్తగ్లాసు_33
మూడు వారాలయింది, అయిపోయింది. చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను.

హంపి సీసా మొదటి షాపులో లేదు, రెండో షాపులో ఉంది, కానీ షరతు దాటింది. దాటిన డబ్బులు నేనే వేసుకున్నాను, బిల్లు చూపించలేదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. పేపరు చుట్టేటప్పుడు చేతులు వణికాయి, సీసా మెడ దగ్గర రెండు రబ్బరుబ్యాండ్లు వేశాను.

నాది మూడో సీసాగా పోశారు. నా సీసా ఏదో నాకు తెలుసు కాబట్టి నేను మాట్లాడకూడదట. ఆ నిబంధన నాకెవరూ చెప్పలేదు! మూడు వారాలు నేరేడు, వగరు అని ప్రాక్టీసు చేసుకుని వెళ్తే నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. సెడార్ ఆయన దాన్ని చిలీ అన్నాడు. టొబాకో ఆవిడ నాపా అంది. ఇండియా షరతు పెట్టిన సంగతి ఇద్దరూ మర్చిపోయారు. పేపరు విప్పితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత హంపి నుంచి విజయనగరానికి, అక్కణ్నుంచి క్రికెట్‌కి వెళ్లిపోయారు.

నాలుగో సీసాకి నా వంతు వచ్చింది. "వానాకాలం మొదట్లో చెట్టు కింద రాలిన నేరేడుపళ్లు. రాలి ఒక పూట అయ్యింది. వగరు ఎక్కువ, నాలుక ఊదారంగైనట్టుంది" అన్నాను. ఖమ్మంలో మా ఇంటి వెనక చెట్టే కళ్ల ముందుంది. సెడార్ ఆయన తమిళుడు. "నావల్పళం! అవును, అదే" అన్నాడు. తర్వాత ఆయన ఆ రాత్రి ఒక్కసారి కూడా కాసిస్ అనలేదు. కానీ ఆ సీసా షిరాజ్ అని నేను చెప్పింది తప్పు. సాంజియొవేసే అట. రాయలసీమ గారూ, మీరు చెప్పిందే, నేనే ఊహించలేకపోయాను.

ఐదోది ఒకటి నాకు తడి అట్టపెట్టెలా అనిపించింది. వనజ గారిని తలుచుకుని చెప్పాను. సీసా తెచ్చినాయన ఒప్పుకోలేదు, అది 'ఫారెస్ట్ ఫ్లోర్', అంటే అడవి నేల వాసన, అన్నాడు. ఇద్దరు నా వైపు, ముగ్గురు ఆయన వైపు. తేలలేదు. సీసాలో సగం మిగిలింది. మిగిలిన సగం ఎవరూ ఇంటికి పట్టుకెళ్లలేదు, అదొక్కటి చెప్తాను.

వాల్తేరు_వనజ
తేలింది కదా మరి.

దోమలగూడ_సుబ్బు
మిగిలిన సగం నాకు పంపాల్సింది. అట్టపెట్టెలో పెట్టే పంపండి, తేడా తెలియదు.

గుంటూరు_ఘాటు
నంజుకోవడానికి ఏం పెట్టారు?

కొత్తగ్లాసు_33
వేరుశనగలు వేయించాం, ఉప్పు మాత్రమే. బజ్జీలు తెచ్చినావిడ నొచ్చుకుంది.

వచ్చే నెల వైట్‌లు. గూస్‌బెర్రీ వాసన వస్తుందని ఇప్పటి నుంచే చెప్తున్నారు. అది మన ఉసిరికాయేనా?

లివర్మోర్_లత
కాదు! పేరొక్కటే కలిసింది, కుటుంబమే వేరు. ఉసిరికాయ అని మాత్రం అనకు.

కల్లుగీత_మనవడు
అను అన్నా. పచ్చిమామిడి అని కూడా అను.